స్క్రీన్‌షాట్లకు జిగ్‌జాగ్

మా ఆస్పత్రిలో మళ్ళీ సాఫ్ట్‌వేర్ మార్చారు. ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికీ లేదు. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపు నిండా స్క్రీన్‌షాట్లు. ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి, ఎర్ర బాణం గుర్తు చూడండి. అన్నీ విజయవాడ ఆఫీసు నుంచి వచ్చినవే. బిల్లింగ్ కౌంటర్లో కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేలితో పక్కకు జరుపుతుంటే, "బోడిగా ఉన్నయ్యే అమ్మాయ్, చూడబుద్ధి కావట్లా" అన్న గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. తల తిప్పి చూశాను కూడా. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆమెను మేమందరం ఆపా అనేవాళ్ళం. డాక్టర్లు ఆపా అనేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు ఆపా అనేవాళ్ళు, చివరికి మందుల కంపెనీల నుంచి వచ్చే కుర్రాళ్ళు కూడా. ఉర్దూలో అక్కని అలా పిలుస్తారని తెలియని వాళ్ళకు అదే ఆమె పేరు. కంప్యూటర్లో కొత్తదేదైనా వచ్చినప్పుడు దాన్ని ఎలా వాడాలో మా అందరికీ బొమ్మలతో చెప్పే పని ఆమెది. తెరను ఉన్నదున్నట్టు స్క్రీన్‌షాట్ తీసి, పక్కన తెలుగులో నాలుగు ముక్కలు రాసి, కాగితాల మీద ప్రింటు తీసి కౌంటర్ల దగ్గర అంటించేది. ఫోన్లకు కూడా పంపేది. పని అంతవరకే అయితే నేనిలా కూర్చుని రాసేదాన్ని కాదు.

వాళ్ళ ఇల్లు ఊళ్ళోనే, బరంపేటలో. గేటుకు "చీరలకు ఫాల్, జిగ్‌జాగ్ కుట్టబడును" అన్న రేకు బోర్డు ఉండేది. వాళ్ళమ్మ ఆ మిషను తొక్కే ఇల్లు నడిపింది. ఆపా కూడా కంప్యూటర్ నేర్చుకునేదాకా అదే మిషను తొక్కింది. అంచు కుట్టని గుడ్డను ఆ ఇంట్లో గడప దాటనిచ్చేవాళ్ళు కాదట. ఆ పిచ్చిని అలాగే మోసుకొచ్చి ఆస్పత్రి కంప్యూటర్లో పెట్టింది. స్క్రీన్‌షాట్ తీయడం ఒక నిమిషం పనైతే, దాని అంచులతో ఆమె పడే తంటా పూటంతా.

ఏ సాఫ్ట్‌వేర్లో నేర్చుకుందో గానీ ఆమె దగ్గర రకరకాల అంచులు ఉండేవి. కాగితం చేత్తో చింపినట్టు ఉండే అంచు ఒకటి, అది మా బిల్లింగ్ వాళ్ళకు. మందుల షాపు వాళ్ళకు అల అంచు. నర్సులకు తపాలా బిళ్ళ అంచు. వార్డులు తుడిచే ఆయమ్మలకు మాత్రం చుట్టూ పెద్ద జిగ్‌జాగ్, అదీ రంగుల్లో. డాక్టర్లకు పంపేవాటికి వెనకాల కాస్త నీడ పెట్టి ఊరుకునేది. వాళ్ళకెందుకు అంచు లేదని ఒకసారి అడిగితే, "వాళ్ళు చూస్తారా ఏందమ్మాయ్? ఆ మాత్రం చాల్లే" అంది.

బొమ్మ పూర్తయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, ఒక కన్ను మూసి, చున్నీ అంచును బొటనవేలితో తడుముతూ చూసేది. నచ్చకపోతే మళ్ళీ మొదలు. ఇవతల నా కౌంటర్ ముందు జనం బారులు తీరి తిడుతుంటారు. డిశ్చార్జి అయిన పేషెంటు ఆటో ఎక్కి కూర్చుని ఉంటాడు. కొత్త బిల్లు ఎలా కొట్టాలో నాకు తెలియదు, తెలిపే కాగితం ఆపా దగ్గర ఉంది, ఆపా ఏమో అంచు దిద్దుతూ ఉంది.

"ఆపా, నీ అంచులు తగలెయ్య, నా ప్రాణం పోతంది ఇక్కడ!"

"పోతే పక్కనే ఐసీయూ ఉంది గదా, పో. ఈ మూల ఒక్కటీ అయిపోతే ఇచ్చేస్తా."

ఏం చెప్పను ఆ మనిషితో! ఒళ్ళు మండేది. మండీ మండీ చివరికి అలసిపోయి ఊరుకునేదాన్ని. కొత్త చీర కట్టుకుని వెళ్ళిన రోజున ఎదురుపడాలంటే భయం. రంగు చూడదు, ఎంతకు కొన్నావని అడగదు, నలుగురి ముందూ కొంగు తిరగేసి పట్టుకుంటుంది. "ఎవరు కుట్టారే ఈ జిగ్‌జాగ్? దారం అప్పుడే ఊడొస్తంది. డబ్బులు తీసుకునేటప్పుడన్నా సిగ్గుండొద్దా వాళ్ళకి?" అని తిట్టేది. పేషెంట్ల తాలూకు ఆడవాళ్ళ కొంగులను కూడా వదిలేది కాదు. విచిత్రం ఏమిటంటే వాళ్ళెవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. లోపల ఆపరేషన్ జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని, ఫాల్ ఎక్కడ బాగా కుడతారో ఆపాతో మాట్లాడుకునేవాళ్ళు.

ఇంకో గుణం ఉంది. తప్పు ఒప్పుకోవడం అన్నది ఆమె ఒంట్లో లేదు. ఒకసారి మా బిల్లింగ్ కాగితానికి కింద చింపుడు అంచు మరీ ఉత్సాహంగా పెట్టింది. ఆ చింపుడులో ఆఖరి వరుస ఎగిరిపోయింది. పోయింది ఏ వరుసనుకున్నారు? "చివరగా సేవ్ నొక్కండి" అన్నది! ఆ పూట కొట్టిన బిల్లుల్లో ఒక్కటీ సేవ్ కాలేదు. అన్నీ మళ్ళీ మొదటి నుంచి కొట్టుకున్నాం. వెళ్ళి మొహం మీద కాగితం పెడితే, ఆపా దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "సేవ్ చెయ్యాలని కూడా ఒకరు చెప్పాల్నా మీకు? అంచు మాత్రం ఎంత బాగా కుదిరిందో చూడు" అంది. ఆ కాగితాన్ని చించి ఆమె మీద పడేయాలనిపించింది. పడేసినా ఆ చింపు ఎలా ఉందో చూసుకునేదే.

ఆ తర్వాత విజయవాడ నుంచి కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడని అనను. మెల్లగా మాట్లాడేవాడు, అరిచేవాడు కాదు. పైనుంచి వచ్చే మెసేజీలతో ఆయన కూడా అలిసిపోయినట్టే ఉండేవాడు. ఒకరోజు కౌంటర్లన్నీ తిరుగుతూ గోడల మీద ఆపా కాగితాలు చూశాడు. "ఏంటి మేడం ఇవి, పెళ్ళి శుభలేఖల్లాగా? మనది ఆస్పత్రి కదా. ప్రొఫెషనల్‌గా ఉండాలి. ఇక నుంచి ఈ అంచులూ అలంకారాలూ వద్దు, క్లీన్‌గా ఇవ్వండి" అన్నాడు.

ఆపా ఆయన ముందు తల ఊపింది. వచ్చి కుర్చీలో కూర్చుంది. లేచి బురఖా వేసుకుంది. వేసుకుని కాసేపు నిలబడి మళ్ళీ తీసి తలుపు వెనక తగిలించింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"శుభలేఖలంట. విన్నావా? క్లీన్‌గా కావాలంట. ఇస్తా. ఒక్క పోగు కూడా లేకుండా ఇస్తా చూడు."

అప్పుడే హాజరు యాప్ వచ్చింది. అంతకుముందు గేటు దగ్గర మిషను మీద వేలు పెడితే సరిపోయేది. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళు, ఆస్పత్రి ఆవరణలోకి వచ్చాక, యాప్ తెరిచి నీలం బటన్ నొక్కాలి. పచ్చ టిక్కు వస్తే హాజరు పడినట్టు. దానికి ఆపా రెండే రెండు బొమ్మలు చేసింది. ఒకదాంట్లో నీలం బటన్, రెండోదాంట్లో పచ్చ టిక్కు. అంచు లేదు, బాణం లేదు, ఒకటీ రెండూ అన్న అంకె కూడా లేదు. సరిగ్గా ఫోను తెరంత కొలతకు కత్తిరించింది. తెరిస్తే ఫోను నిండా అదే. నాకు చూపించి పళ్ళు బిగబట్టి నవ్వింది.

"ఇంకా క్లీన్‌గా కావాలా మీ సారుకి? అసలు యాప్ ఏదో, బొమ్మ ఏదో ఆయనకే తెలవదు."

ఆ రోషంలోనే వాటిని గ్రూపులన్నింటికీ పంపేసింది.

జనరల్ వార్డులో కోటమ్మ అని ఆయమ్మ ఉంది. రొంపిచర్ల వైపు ఊరు, మొదటి బస్సుకు వస్తుంది. చదువు లేదు. వయసు ఎంతని అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెబుతుంది. కొడుకు వాడి పక్కన పడేసిన ఫోనే ఆమె ఫోను. యాప్ వచ్చిన కొత్తలో వణికిపోయింది. ఫోను వాడటం రాని వాళ్ళను తీసేసి, అది వచ్చినవాళ్ళను పెట్టుకుంటారని ఆస్పత్రిలో గట్టిగా మాటలు నడుస్తున్నాయి మరి. ఆ ఉద్యోగం పోతే ఆ వయసులో మిరపకోతకు పోవాల్సిందే, కోతకు నడుం వంగదు. అలాంటిది వారం తిరక్కుండా ఎదురుపడిన వాళ్ళందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టింది, "నాక్కూడా వచ్చిందమ్మా ఫోన్లో ఏసేది! ఎవురూ సెప్పకుండానే!" అని. పొద్దున్నే వార్డు గుమ్మంలో నిలబడి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలితో ఒకసారి నొక్కి, ఒకసారి పక్కకు జరిపి, "పడింది" అని పైకే అనుకుని ఫోను బొడ్లో దోపుకునేది. చూసి మేమూ సంతోషపడ్డాం.

నెలాఖరున హాజరు పట్టీ నా దగ్గరికి వచ్చింది. జీతాల లెక్కకు దాన్ని నేనే చూడాలి. కోటమ్మ పేరు ఎదురుగా నెల పొడుగునా ఆబ్సెంట్. ఏదో పొరపాటు అనుకుని మేనేజర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కోటమ్మను పిలిపించాడు. హాజరు బొమ్మలు చేసింది ఆపానే కాబట్టి ఆమెను కూడా రమ్మన్నాడు.

"సిస్టంలో నువ్వు ఒక్కరోజు కూడా రాలేదమ్మా."

"అదేంది సార్! రాకపోతే వార్డు ఎవురు తుడిసారు? అడగండి, ఎవుర్నన్నా అడగండి." కోటమ్మ ముందుకు వచ్చింది. "రోజూ ఏస్తన్నా గదా సార్ ఫోన్లో!"

"పని చేశావని నాకూ తెలుసు. కానీ ఫోను వాడటం రాకపోతే నేనేం చేసేది లేదమ్మా. పైవాళ్ళు ఒప్పుకోరు. ఏదీ, ఎలా వేస్తున్నావో చూపించు."

కోటమ్మ బొడ్లోంచి ఫోను తీసింది. చెయ్యి తుడుచుకుంది. వాట్సాప్ తెరిచి, ఆపా పంపిన మొదటి బొమ్మ తెరిచింది. ఫోను నిండా నీలం బటన్ వచ్చింది. దాని మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. బొమ్మను నొక్కితే పైనా కిందా ఉండే నల్లపట్టీలు మాయమవుతాయి కదా, అవి మాయమయ్యాయి. తర్వాత వేలితో పక్కకు జరిపింది. రెండో బొమ్మ వచ్చింది. పచ్చ టిక్కు. ఫోనును రెండు చేతులతో మేనేజర్ మొహం ముందు పట్టుకుంది.

"ఇదిగో సార్, పడింది. రోజూ ఇంతే."

ఆ క్షణాన ఆమె మొహంలో ఉన్న ధీమా ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నెల రోజులూ ఆ మనిషి ఒక ఫోటోను నొక్కింది. అసలు యాప్‌ను ముట్టుకోనే లేదు. మేనేజర్‌కు కూడా అర్థమైంది. ఆయన పెదవి ఒక పక్కకు వంగింది, నవ్వు ఆపుకుంటున్నాడో జాలిపడుతున్నాడో తెలియలేదు. "అమ్మా, ఇది ఉత్త..." అని మొదలుపెట్టాడు.

"తప్పు నాది సార్."

ఆపా గొంతు. నేను నమ్మలేక ఆమె వైపు తిరిగాను. ఆమె కోటమ్మ చేతిలోంచి ఫోను తీసేసుకుని చున్నీ చాటున పెట్టుకుంది.

"మీ తప్పేంటి మేడం ఇందులో?"

"బొమ్మ నొక్కితే యాప్ తెరుచుకునేట్టు లోపల లింకు పెట్టాలి సార్. ఆయమ్మలకి పంపినదాంట్లో పెట్టడం మర్చిపోయా. కోటమ్మక్క సరిగ్గానే నొక్కింది. నేనే పని సరిగ్గా చెయ్యలా."

లింకూ లేదు, గింకూ లేదు. ఎవరికి పంపినదాంట్లోనూ లేదు. వాట్సాప్‌లో ఫోటోను నొక్కితే యాప్ తెరుచుకునేట్టు పెట్టడం కుదరదని నాకు తెలుసు, మేనేజర్‌కు నాకంటే బాగా తెలుసు. ఆయన ఆపాను అలా చూస్తూ కూర్చున్నాడు. మరి మిగతా ఆయమ్మలకు హాజరు ఎలా పడిందని అడిగితే కథ అక్కడితో తేలిపోయేది. ఆయన అడగలేదు. ఆ ఒక్కదానికి ఆయనంటే నాకు ఈరోజుకీ గౌరవమే.

"సూచనల్లో తప్పు అని కారణం పెడితే ఈమె హాజరు సరిచేయడానికి ఒప్పుకుంటారు. కానీ అది మీ పేరు మీద పడుతుంది మేడం. పైవాళ్ళు ఊరుకోరు."

"పడనీండి సార్."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి టైపు చేశాడు. కోటమ్మ ఉద్యోగం నిలబడింది. నిలబడిందని అర్థమవగానే ఆమె ఆపా మీదికి తిరిగింది.

"ఏందమ్మా ఆపా! పని మీద సూపుండొద్దా? సదువుకున్నదానివి గదా! నా నోటికాడ కూడు తీసేదానివి గదమ్మా, నీ మతిమరుపు మండ!"

"తప్పేనక్కా," అంది ఆపా తల వంచుకుని. "ఇంకెప్పుడూ ఇట్టా జరగదు."

వరండాలోకి రాగానే నేను ఆమె జబ్బ పట్టుకున్నాను. నాకు కోపంతో ఏడుపు వస్తోంది. "ఏందాపా ఈ అబద్ధం? నీ పని గురించి నువ్వే అట్టా చెప్పుకుంటావా? ఆమె తిడతంటే నోరు మూసుకుని నిలబడతావా?"

"అరవబాకే, వింటది." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ టిక్కు చూపించేటప్పుడు ఆమె మొహం చూశావా లేదా? నువ్వు నొక్కింది ఉత్త బొమ్మ అని చెప్పమంటావా? ఉద్యోగం పోయేది. అది పోకపోయినా ఆస్పత్రంతా నవ్వి నవ్వి చంపేవాళ్ళు."

"దానికి నువ్వెందుకు పడాలి మాట?"

"నేనే గదే చేసింది. లింకు సంగతి ఒక్కటే అబద్ధం, తప్పు నాదన్నది నిజమే. రోషానికి పోయి అచ్చం యాప్ లాగా కత్తిరించి పంపా. చుట్టూ ఒక్క వరస జిగ్‌జాగ్ ఉంటే, ఓహో ఆపా బొమ్మ అనుకునేది ముసల్ది." చున్నీ సర్దుకుని, "చానా అలిసిపోయా అమ్మాయ్, పోయి కూర్చుంటా" అంది.

మర్నాడు పొద్దున్నే ఆపా మెట్ల దగ్గర కోటమ్మ కోసం నిలబడి ఉంది. ఆమె ఫోన్లోంచి ఆ రెండు బొమ్మలూ తీసేసింది. అసలు యాప్‌ను తెర మధ్యలోకి తెచ్చి పెట్టింది. "బాగు చేశానక్కా, ఇక నుంచి ఇది నొక్కు" అని చెప్పింది. కోటమ్మ అనుమానంగానే నొక్కింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళపాటు ఆపా కనిపిస్తే చాలు, "ఇయ్యాలన్నా సరిగ్గా పెట్టినావా, లేదా?" అని అందరి ముందూ అడిగేది. "పెట్టానక్కా" అనేది ఆపా. క్యాంటీన్లో నవ్వుకునేవాళ్ళు. ఆపా మతిమరుపు మీద జోకులు పుట్టాయి. నేను టీ అక్కడే వదిలేసి లేచి వచ్చేసేదాన్ని.

పైవాళ్ళు నిజంగానే ఊరుకోలేదు. సూచనల పని విజయవాడకు మార్చేశారు. ఆపాను కింద రికార్డుల గదిలో పడేశారు. అక్కడ ఆమెకు కంప్యూటర్ కూడా లేదు, పాత ఫైళ్ళు అడిగిన వాళ్ళకు తీసివ్వడమే పని. నేను మధ్యాహ్నం వెళ్తే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉండేది. ఫైళ్ళ మీద దుమ్ముతో దగ్గు పట్టుకుంది. నా కొంగు పట్టుకుని చూడటం మానేసింది. ఒకరోజు కావాలనే కుట్టు ఊడిన చీర కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అటు చూసింది, ఏమీ అనలేదు. మేనేజర్‌తో ఒక్క మాట చెప్పనా, అసలు సంగతి పైకి రాయిద్దాం అని నేను పోరినప్పుడల్లా, "ఆ మాట కోటమ్మక్క చెవిన పడిందంటే నీతో జన్మలో మాట్లాడను" అనేది.

పోయిన ఎండాకాలంలో ఆపా పోయింది. దగ్గు దగ్గుగానే ఉంది, గుండె ఆగిపోయింది. కబురు తెలిసి బరంపేటకు నేను బయలుదేరుతుంటే కోటమ్మ పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కింది. అక్కడ ఆడవాళ్ళందరి మధ్యా కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చింది. గట్టిగా, రాగం తీసి ఏడ్చింది. ఎవరో వచ్చి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా కోటమ్మ ఆటోలో నా పక్కనే కూర్చుంది. గడియార స్తంభం దాటాక కొంగుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"శానా మంచి మనిసమ్మా. ఎన్ని తిట్టినా ఒక్క మాట తిరిగి అన్లా. అట్టాంటోళ్ళు ఏడుంటారు సెప్పు?" ముక్కు చీదింది. "పని ఒక్కటే పాపం... పని రాదు ఆమెకి."

రోడ్డు వైపు చూస్తూ, "అవునక్కా, రాదు" అన్నాను.